కిట్ లెన్స్ అమ్మేయకండి

మా మేనల్లుడు పోయిన వారం ఫోన్ చేశాడు. "మావయ్యా, 18-55 అమ్మేస్తున్నా. ఈఎంఐలో 24-70 ఎఫ్/2.8 తీసుకుంటా" అన్నాడు. 18-55 అంటే కెమెరాతో పాటే వచ్చే కిట్ లెన్స్. ఆ అంకెలు మిల్లీమీటర్లు: అంకె చిన్నదైతే ఎక్కువ దృశ్యం పడుతుంది (అదే వైడ్), పెద్దదైతే దూరపువి పెద్దగా కనిపిస్తాయి. ఎఫ్ అంకె లెన్స్ రంధ్రానిది: అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది, వెలుగు ఎక్కువ. ఎందుకురా అంటే వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్ ఒకటి పంపాడు. శ్రీకాకుళంలో ట్రెక్కింగ్‌కి వెళ్లే కుర్రాళ్ల గ్రూపుల్లో అది తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: కిట్ లెన్స్ దండగ, కొండలకి ఎఫ్/2.8 జూమ్ ఉండాల్సిందే. ల్యాండ్‌స్కేప్ అంటే వైడ్ లెన్సే. ఎఫ్/22 పెడితే అంతా షార్ప్. యూవీ ఫిల్టర్ తప్పనిసరి. పక్షులకి 600 మి.మీ. లేకపోతే వెళ్లడమే అనవసరం.

ముందు ఆ ఎఫ్/2.8 సంగతి. మావాడిది 1.5 క్రాప్ సెన్సర్ కెమెరా, అంటే వెలుగుని పట్టే సెన్సర్ పలక పాత ఫిల్మ్ సైజు (ఫుల్ ఫ్రేమ్) కంటే ఒకటిన్నర రెట్లు చిన్నది. దాని మీద 24 మి.మీ. అంటే ఫుల్ ఫ్రేమ్‌లో 36 పెట్టినంత దృశ్యమే పడుతుంది. కిట్ లెన్స్‌లోని 18 అయితే 27 లెక్క. అంటే అమ్మేసిన లెన్స్‌లో పట్టినంత కొండ, అప్పు చేసి కొన్న లెన్స్‌లో పట్టదు! బరువు కూడా చూడండి. 18-55 సుమారు 200 గ్రాములు. డీఎస్‌ఎల్‌ఆర్‌ల 24-70 ఎఫ్/2.8 లెన్సులు 800 గ్రాముల నుంచి కిలో దాకా తూగుతాయి. మందస వైపు నుంచి 1,501 మీటర్ల మహేంద్రగిరికి వెళ్లినవాళ్లని అడగండి, మధ్యాహ్నానికి మెడ ఏమవుతుందో చెబుతారు. పైగా పగటి వెలుగులో కొండల్ని ఎఫ్/8 దగ్గరే తీస్తాం. చీకటి పడ్డాక కదిలే మనుషుల్ని తీయాలన్నా, పాలపుంతని తీయాలన్నా ఎఫ్/2.8 పనికొస్తుంది. ఆ పని కోసం కొంటే కాదనను.

"ల్యాండ్‌స్కేప్ అంటే వైడే" అన్న మాట మాత్రం నన్ను నిజంగా బాధపెట్టింది. అది నమ్మితే మన ప్రాంతాన్ని సగమే చూస్తాం. ఒకసారి శాలిహుండం కొండ ఎక్కండి. 1919లో గిడుగు రామమూర్తి పంతులు గారు వెలుగులోకి తెచ్చిన బౌద్ధ క్షేత్రం అది. కింద వంశధార. ఇటుక స్తూపం పక్కన మోకాళ్ల మీద కూర్చుని 18 దగ్గర తీస్తే ఇటుకల సందుల్లోని గడ్డి పరకలు కూడా కనిపిస్తాయి, కానీ నది ఎక్కడో సన్నని దారంలా మిగులుతుంది. వైడ్ లెన్స్ తీరే అంత, దగ్గరున్నదాన్ని పెంచుతుంది, దూరాన్ని తగ్గిస్తుంది. ముందు చూపించడానికి ఏమీ లేకపోతే ఫొటో అంతా ఆకాశం, ఖాళీ నేల. నేను అక్కడే నిలబడి 70-300 టెలి లెన్స్ (దూరపువాటిని పెద్దగా చూపేది) తగిలించి, 200 దగ్గర నది వైపు తీశాను. ఇసుక తిన్నె మీద ఒక మనిషి, మోకాలి లోతు నీళ్లలో రెండు గేదెలు, వెనక తాటిచెట్ల వరస. అంతే. ఇన్నేళ్లలో నాకు బాగా నచ్చిన ఫొటో అది.

సీతంపేట ఏజెన్సీలో తెల్లవారుజామున మంచు పట్టినప్పుడూ ఇదే సంగతి. ముందు కొండ ముదురుగా, దాని వెనకది నీలంగా, ఆ వెనకది ఇంకా లేతగా ఉంటాయి. టెలి లెన్స్ కొండల్ని దగ్గరికి జరపదు. దూరంగా ఉన్నవాటినే ఏరి ఫ్రేములో పెడుతుంది కాబట్టి అవి ఒకదానికొకటి ఆనుకున్నట్టు కనిపిస్తాయి.

ఎఫ్/22 మాట పూర్తిగా తప్పు. రంధ్రం మరీ చిన్నదైతే వెలుగు దాని అంచుల దగ్గర వంగి చెదురుతుంది, దాంతో ఫొటో మొత్తం మెత్తబడుతుంది. క్రాప్ కెమెరాలో ఎఫ్/11 దాటకుండా ఉంటే మంచిది. 18 మి.మీ., ఎఫ్/8 పెట్టి రెండు మీటర్లకి కాస్త అవతల ఫోకస్ చేయండి. దాదాపు మీటరు దూరం నుంచి కొండ చివరి దాకా చక్కగా వస్తుంది.

అతినీలలోహిత కిరణాల్ని ఆపే యూవీ ఫిల్టర్ ఫిల్మ్ రోజుల అవసరం. ఇప్పుడు సెన్సర్ ముందున్న గాజే ఆ కిరణాల్ని చాలావరకు ఆపేస్తుంది. బారువ తీరంలో ఉప్పుగాలి, ఇసుక తగలకుండా పెట్టుకుంటే సరే. ఫిల్టర్‌కే డబ్బు పెట్టాలనుకుంటే పోలరైజర్ కొనండి. తడి ఆకుల మీద తళుకు తగ్గి అసలు పచ్చదనం బయటికొస్తుంది. కాకపోతే ఒకటి రెండు స్టాపుల వెలుగు పోతుంది (ఒక స్టాపు అంటే వెలుగు సగానికి తగ్గడం).

ఇక పక్షులు. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు (పెలికాన్లు) ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కడతాయి. రెక్కలు విప్పితే రెండు మీటర్లు దాటే పక్షి అది. 1.5 క్రాప్ మీద 300 అంటే 450 లెక్క, దానికి ధారాళంగా సరిపోతుంది. అలాగని చిన్న లెన్స్ పట్టుకుని గూటి కిందకి మాత్రం వెళ్లకండి. పిల్లలున్న గూడు వదిలి తల్లి లేచిపోతే ఎండకి, కాకులకి బలయ్యేది ఆ పిల్లలే. పక్షికి దూరంగా ఉండటానికే పెద్ద లెన్స్ కావాలి.

మావాడు 18-55 అమ్మలేదు. నా 70-300 వాడికిచ్చాను. బ్యాగులో ఒక ప్లాస్టిక్ కవరు, నాలుగు సిలికా జెల్ పొట్లాలు వేయమన్నాను, మన తీరం తేమకి లెన్స్‌లో ఫంగస్ పట్టడానికి ఒక్క వర్షాకాలం చాలు. వచ్చే ఆదివారం ఇద్దరం రామతీర్థంలో గురుభక్తుల కొండ ఎక్కుతున్నాం.