ఎవరికీ చెప్పకండి, మీకొక్కరికే!

మన ప్రైవేటు బడుల్లో లేనివాళ్లకు ఫీజు తగ్గించడం అల్లాటప్పా వ్యవహారం కాదు. దానికో శాస్త్రం ఉంది, ఆ శాస్త్రానికో మూలమంత్రం ఉంది: "ఎవరికీ చెప్పకండి, మీకొక్కరికే ఇస్తున్నాం." జూన్ మొదట్లో ఏ ఊళ్లో ఏ కరస్పాండెంట్ గది బయట నిలబడ్డా ఈ మంత్రం చెవిన పడుతుంది. ఉపదేశం పొందినవాళ్లు దొంగసొత్తు కొంగున కట్టుకున్నట్టు తల వంచుకుని బయటికొస్తారు. బెంచీ మీద వాళ్లు లేచి లోపలికెళ్లి అదే ఉపదేశం పొందుతారు.

క్రతువు ఇలా సాగుతుంది. ఒకటో తరగతి ఫీజు బోర్డు మీద 28,000 ఉంటుంది. మూడు వేలు తగ్గించే ఉదారబుద్ధితోనే నాలుగు వేలు పెంచి ఆ అంకె వేశారు. "కాస్త చూడండి సార్, ఆయనకి పనులు సరిగ్గా లేవు" అంటుంది తల్లి. సారు నిట్టూరుస్తారు. క్యాలిక్యులేటర్ ఆవిడకు కనబడకుండా తన వైపు తిప్పుకుని టకటకా నొక్కుతారు. "నా చేతుల్లో ఏం లేదమ్మా, మేనేజ్‌మెంట్‌ని అడగాలి" అంటూ లేచి వెనక గదిలోకి వెళ్తారు. వెనక గదిలో మేనేజ్‌మెంట్ ఉండదు, వాటర్ ఫిల్టర్ ఉంటుంది. మేనేజ్‌మెంట్ ఆయనే. ఒక గ్లాసు మంచినీళ్లు తాగి, తనను తానే బతిమాలుకుని, తనతో తానే కాసేపు విభేదించి, చివరికి తనకు తానే తలొగ్గి తిరిగొస్తారు. "అతికష్టం మీద ఒప్పించానమ్మా. మూడు వేలు. ఎవరికీ చెప్పకండి."

షరతులు తర్వాత దిగుతాయి. మూడు టర్ములు కుదరదు, దసరా లోపు మొత్తం కట్టాలి. పుస్తకాల సెట్టు ఇక్కడే కొనాలి. టై, బెల్టు, డైరీ, ఐడీ కార్డు వేరే. పొద్దున తగ్గిన మూడు వేలూ సాయంత్రానికి పుస్తకాల కౌంటర్ దారిన బుద్ధిగా సారు సొరుగులోకే చేరుకుంటాయి.

ఎవరికెంత అవసరమో తేల్చే కొలబద్ద కూడా పకడ్బందీగా ఉంటుంది. బండి మీద ప్రెస్ స్టిక్కర్ ఉంటే అవసరం తీవ్రం. కౌన్సిలర్ చేత ఫోన్ చేయిస్తే అతి తీవ్రం, సగం ఫీజు ఎగిరిపోతుంది. నాలుగిళ్లలో అంట్లు తోముకుంటూ, బేరమాడ్డం చేతకాక, బోర్డు మీదున్నది ఉన్నట్టు కట్టేసే ఆవిడకు అసలు అవసరమే లేదు. అడగలేదుగా! అడగందే అమ్మయినా పెట్టదు, కరస్పాండెంట్ గారు అమ్మ కూడా కాదు.

ఈ గుట్టంతా నడుస్తుండగా ఊరందరికీ చాటాల్సిన చట్టం ఒకటి ఉంది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లు చుట్టుపక్కల బలహీన వర్గాల పిల్లలకిచ్చి, ఎనిమిదో తరగతి దాకా ఉచితంగా చదివించాలంటుంది సెక్షన్ 12(1)(సి). సర్కారు బడిలో ఒక్కో పిల్లకయ్యే ఖర్చు, ఆ బడి ఫీజు, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది ప్రభుత్వం ఆ బడికి చెల్లించాలి. 2012లో సుప్రీంకోర్టు కూడా, సర్కారు సాయం తీసుకోని మైనారిటీ బడులను మినహాయించి, సరేనంది. మన ప్రభుత్వాలు మాత్రం కరస్పాండెంట్ల మంత్రాన్నే భక్తిగా పాటించాయి. ఎవరికీ చెప్పలేదు. హైకోర్టు మొట్టికాయ వేశాక ఆంధ్రప్రదేశ్ 2022-23లో నోరు విప్పింది. తెలంగాణ పుట్టి పదేళ్లు నిండేదాకా ఆ సెక్షన్ వైపు కన్నెత్తి చూడలేదు.

ఆంధ్రప్రదేశ్ విప్పిన నోటి నుంచి ఏం రాలిందో చూడండి. పట్టణంలో సీటుకు 8,000, పల్లెలో 6,500, గిరిజన ప్రాంతంలో 5,100 అని 2023లో లెక్క కట్టారు. ఇవి చాలవని యాజమాన్యాలు గోల పెట్టాయి, పెడతాయి. అసలు చమత్కారం వేరే ఉంది. ఆ డబ్బు ఎవరివ్వాలి? బడికెళ్లే పిల్లల తల్లులకు అప్పట్లో సర్కారు డబ్బేసిన అమ్మ ఒడి పథకం కింద పడిన సొమ్ములోంచి తల్లే కట్టాలన్నారు! ఆవిడ కట్టకపోతే సర్కారు కట్టి, తర్వాత ఆవిడ సొమ్ములో కోసుకుంటుందన్నారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని వినేవాళ్లం. ఇక్కడ దానం పుచ్చుకున్న అత్త చేతే రసీదు డబ్బులు కూడా కట్టించారు. పైగా అమ్మ ఒడి తల్లికి ఒక్కటే పడేది, ఎంతమంది పిల్లలున్నా. దీన్ని ఉచితం అన్నవాళ్లకు ముందు నిఘంటువు ఒకటి ఉచితంగా ఇప్పించాలి.

ఇక పేదరికం నిరూపణ. బలహీన వర్గాల కోటాలో ఆదాయం పల్లెలో ఏడాదికి 1,20,000, పట్టణంలో 1,44,000 దాటకూడదు. అంటే నెలకు 12,000 వచ్చే పట్నం ఆటో డ్రైవరు పేదవాడు, 12,001 వస్తే ఆసామి. అడ్రసు రుజువుకు ఆధార్, రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డుతో పాటు పాస్‌పోర్టు కూడా చెల్లుతుందన్నారు. విమానాలెక్కి తిరిగే ఉపాధి కూలీలు గమనించగలరు.

40 సీట్ల తరగతిలో 25 శాతమంటే పది. అందులో అనాథలు, హెచ్‌ఐవీ బాధితులు, దివ్యాంగులకు 5 శాతం, అంటే ఇద్దరు. ఎస్సీలకు 10 శాతం, నలుగురు. ఎస్టీలకు 4 శాతం, అంటే ఒకటీ పాయింట్ ఆరు పిల్లలు. బీసీ, మైనారిటీ, ఓసీ పేదలకు 6 శాతం, రెండూ పాయింట్ నాలుగు పిల్లలు. ఆ ముక్క పిల్లల్ని ఏ బెంచీలో కూర్చోబెట్టాలో మండల విద్యాధికారి గారే సెలవివ్వాలి.

ఈ ఉచిత సీట్లకు తీసే లాటరీలో పేరొచ్చి ఫోనుకు మెసేజీ వస్తే కథ కంచికి చేరినట్టు కాదు. దేవుడు వరమిచ్చినా గేటు దగ్గర వాచ్‌మన్ ఇవ్వాలిగా. "మాకింకా ఆర్డర్ రాలేదు." "సీట్లు ఎల్కేజీలోనే నిండిపోయాయి." ఈ రెండోది అబద్ధం కూడా కాదు. బడి నిండేది నర్సరీ, ఎల్కేజీల్లో, ఉచితం మొదలయ్యేది ఒకటో తరగతిలో. బడిలో ప్రీ స్కూలు ఉంటే అక్కణ్నుంచే ఇవ్వమని చట్టంలో రాసుంది. అది చదివినవాడు లేడు. పిల్లకూ తల్లిదండ్రులకూ ప్రవేశ పరీక్ష పెడితే మొదటిసారి 25,000, ఆపైన ప్రతిసారీ 50,000 దాకా జరిమానా అని కూడా ఉంది. అయినా "ఫాదర్ ఏం చదివారు?" అన్న ప్రశ్న గుమ్మంలోనే ఎదురవుతుంది.

సరే, ఇంత రహస్యం పాటించే బడి ఒక్క సంగతి మాత్రం దాచదు. క్లాసు మధ్యలో ఆయా చీటీ తెస్తుంది. టీచరు చదువుతుంది. "ఫీజు డ్యూ ఉన్నవాళ్లు లేచి నిలబడండి." అమ్మకు రాయితీ ఇచ్చినప్పుడు తలుపులేసి చెవిలో చెప్పారు కదయ్యా, బాకీని నలభై మంది పిల్లల ముందు ఎందుకు చదువుతారు? ఆరేళ్ల పిల్ల మీకేం బాకీ ఉంది? బాకీ సంగతి చూసుకోవాల్సింది మీరూ, వాళ్లమ్మా, మధ్యలో పద్దు తేల్చని సర్కారూ. ఉచిత సీటు పిల్లల్ని మిగతావాళ్ల నుంచి వేరు చేయకూడదని రూల్సులో ఉంది. మానసికంగా వేధించకూడదని సెక్షన్ 17లో ఉంది. "ఫ్రీ సీటు" అని పక్క బెంచీ వాళ్లు పిలవడం మొదలెట్టేది ఆ రోజే. సిగ్గుండాలి. పరీక్ష రోజు హాల్ బయట ఎండలో నిలబెట్టేవాళ్లకైతే అంతకంటే ఎక్కువ ఉండాలి.

ఆ పిల్ల సాయంత్రం ఇంటికెళ్తుంది. బడిలో ఏం జరిగిందని అమ్మ అడుగుతుంది. ఏం లేదంటుంది. ఎవరికీ చెప్పకూడదని దానికి ఏ కరస్పాండెంటూ నేర్పక్కర్లేదు.