రెండోసారి వచ్చిన వేగం డిస్క్‌ది కాదు

ఒకే ఫైల్‌ని వరుసగా మూడుసార్లు చదివించి సగటు తీస్తే కంప్యూటర్ డిస్క్ వేగం తెలుస్తుందని మీ వ్యాసంలో రాశారు. అలా తెలియదండీ. పర్లాకిమిడిలో మా డీటీపీ షాపులో పాత హార్డ్ డిస్క్‌తో నేనూ అలాగే మోసపోయాను. మొదటిసారి సెకనుకు 110 ఎంబీ, రెండోసారి ఏకంగా 2 జీబీ పైనే! ఆ రెండోసారి డిస్క్ లైటు వెలగనే లేదు, ఎప్పుడూ వినిపించే గరగర చప్పుడూ లేదు. మొదటిసారి చదివినదాన్ని లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ర్యామ్ అనే తాత్కాలిక మెమరీలో ఉంచుకుని అక్కడి నుంచే ఇచ్చేసింది. అసలు డిస్క్‌ని కంప్యూటర్‌కి కలిపే సాటా 3 కనెక్షన్‌లో సెకనుకు 600 ఎంబీకి మించి రావడానికే వీల్లేదు. ప్రతి పరీక్షకు ముందు క్యాష్, అంటే ర్యామ్‌లో అలా ఉంచుకున్న కాపీని, ఖాళీ చేయాలి, లేదంటే ర్యామ్ కంటే బాగా పెద్ద ఫైల్ వాడాలి. దయచేసి ఈ మాట వ్యాసంలో చేర్చండి. ఆ సగటు చూసి, పాడైపోతున్న డిస్క్‌ని బాగుందనుకుంటే మాలాంటి వాళ్ల తెలుగు, ఒడియా పెళ్లికార్డుల ఫైళ్లన్నీ పోతాయి.