బృహస్పతి గారికి, మా కల్వర్టు విషయమై

దేవగురువులు, మహారాజశ్రీ బృహస్పతి గారి సముఖానికి,

కోనసీమలో వశిష్ఠ గోదావరి ఒడ్డున, సఖినేటిపల్లి పంటు రేవుకు సైకిలు మీద వెళ్ళి రాగల దూరంలో ఉన్న ఒక ఊరి నుంచి కొబ్బరి రైతు నమస్కరించి రాస్తున్న లేఖ. ఇక్కడ మేమంతా క్షేమం, కల్వర్టు తప్ప.

కల్వర్టు గోడు గ్రహాలకు చెప్పుకోవడం ఏమిటని మీరు అనుకోవచ్చు. మనుషులకు చెప్పుకోవడం అయిపోయింది. ఊళ్ళో అడిగితే నిధులు లేవన్నారు. పై ఆఫీసుకు వెళితే అక్కడి గుమాస్తా నా అర్జీని ఫైలు కింద దూర్చి, "పుష్కరాల పద్దులో పెడదాం లెండి" అన్నాడు. గోదావరికి పుష్కరాలు ఎప్పుడు? గురుడు సింహరాశిలో ప్రవేశించినప్పుడు. అంటే మా ఫైలు మీద ఆఖరి సంతకం తమరిది. ఇన్నాళ్ళూ తెలియక చిన్నవాళ్ళ కాళ్ళు పట్టుకున్నాను.

పాత రికార్డు చూసినా అదే తేలుతోంది. 2003 జూలై చివర్లో తమరు సింహంలో అడుగుపెట్టారు, మా రేవుకు మెట్లు వచ్చాయి. 2015 జూలై 14న మళ్ళీ వచ్చారు, ఆ మెట్లకు రంగు వచ్చింది, రోడ్డుకు తారు వచ్చింది. తారు మందం ఆత్రేయపురం పూతరేకంత. పూతరేకులో అయినా నెయ్యీ బెల్లమూ ఉంటాయి, దీని లోపల నేరుగా మట్టే. ఏడాది తిరిగి తమరు కన్యారాశిలోకి వెళ్ళగానే పుష్కరాలు కృష్ణకు వెళ్ళాయి, రోడ్డు రోలర్లు కూడా మీ వెనకే బెజవాడ వెళ్ళిపోయాయి. ఆ పైన కావేరి అన్నారు, ప్రాణహిత అన్నారు, గంగ అన్నారు. రాశికో నది చొప్పున తమరు దేశమంతా తిరిగి వచ్చేలోపు మా రేవులో మూడో మెట్టు కదిలింది, కల్వర్టుకు ఒక పక్క గోడ కాలువలో పడింది. కొబ్బరికాయల లోడుతో ఆటో దాని మీదకు ఎక్కదు. కాయలు ఇవతల దించి, మనుషులు మోసి, అవతల మళ్ళీ ఎక్కించాలి. కాయకు వచ్చే ధరలో ఆ కూలి ఎంతవుతుందో తమకు చెప్పడం దండగ, తమరు పన్నెండేళ్ళ లెక్కలవారు.

నిజానికి పన్నెండు కూడా కాదు. తమరు సూర్యుణ్ణి చుట్టి రావడానికి పట్టేది 11.86 ఏళ్ళు. ఏడు చుట్లు పూర్తయ్యేసరికి మాకు దాదాపు ఒక ఏడాది కలిసివస్తుంది. హరిద్వార్‌లో 2010 కుంభమేళా తర్వాతది పన్నెండేళ్ళు ఆగకుండా 2021లోనే వచ్చింది ఈ లెక్క వల్లే. ఇచ్చిన గడువు కంటే ముందే పని ముగించిన ఉదాహరణ నాకు తెలిసి ఇదొక్కటే, ఆ ముగించింది కూడా గ్రహమే.

అయినా ఇంత ఆలస్యం ఎందుకు స్వామీ? తమరు సూర్యుడికి 77.8 కోట్ల కిలోమీటర్ల దూరంలో, భూమికంటే అయిదు రెట్లు అవతల కాపురం పెట్టారు. దూరం పెరిగినకొద్దీ దారి పొడవవుతుంది, సూర్యుడి పట్టు సడలి నడక కూడా మందగిస్తుంది. ఎంత దూరానికి ఎంత కాలమో కెప్లర్ 1619లోనే సూత్రం కట్టి పెట్టాడు. మందగించిన తమ నడకే సెకనుకు 13 కిలోమీటర్లు. మా ఊరి నుంచి రాజోలుకు ఒక్క సెకను. మా బస్సుకు ముప్పావు గంట, కల్వర్టు దగ్గర అందరూ దిగి నడిచే సమయం కాకుండా.

ఈ పుష్కరాలు బుధుడి చేతిలో ఉంటే ఎంత బాగుండేది! ఆయన 88 రోజులకు ఒక చుట్టు వేస్తాడు, ఏడాదికి నాలుగుసార్లు రంగులు. శని చేతిలో పడితే ఇరవై తొమ్మిదిన్నర ఏళ్ళు, నా జన్మకు రెండు రోడ్లు. నెప్ట్యూన్ సంగతి చెప్పనే అక్కర్లేదు, 1846లో దాన్ని కనిపెట్టాక మొదటి చుట్టు ముగించింది 2011లో. దాని వెనకే ఒక ముచ్చట ఉంది. నెప్ట్యూన్ కనబడిన మరుసటి ఏడే, 1847లో, ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట మొదలుపెట్టి 1852కల్లా కట్టేశాడు. నెప్ట్యూన్ సగం రాశి కూడా నడవకముందే డెల్టాకు నీళ్ళు వచ్చాయి. ఆ నీళ్ళు పారే పిల్లకాలువ మీద మూడు గజాల కల్వర్టుకు మాత్రం గ్రహబలం చాలడం లేదు.

ఇంకో చిక్కు విన్నవించాలి. సింహరాశిలోకి తమరు ప్రవేశించడం అంటే అదేదో గుమ్మం దాటి లోపలికి రావడం కాదని తెలిసి కొంచెం నీరసపడ్డాను. పంటు మీద ఏరు దాటుతూ చూస్తే నడి ఏట్లో వలవేసే నావ ఒక క్షణం అవతలి ఒడ్డు గుడి గోపురాన్ని ఆనుకుని ఉన్నట్టు కనిపిస్తుంది. నావ గుడిలో ఉందా? లేదు, చూపు అలా కలిసింది, అంతే. తమరు నావ, సింహం గోపురం. ఆ సింహంలో మెరిసే మఖా నక్షత్రం మనకు 79 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అక్కడి నుంచి ఈ రాత్రి నా కంట్లో పడే వెలుగు, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో బయల్దేరింది. ఆ వెలుగూ, ఈ ఏటి మీద వంతెన కడతామన్న మాటా ఇంచుమించు ఒకే ఈడువి. వెలుగు చేరింది.

పోనీ, నావ తిన్నగా అయినా వెళుతుందా? మధ్యలో తమరు వక్రిస్తారు. ముందుకు నడిచేవారు కాస్తా ఆగి, కొన్ని నెలలు వెనక్కి నడుస్తారు. ఇందులో తమ తప్పు లేదట. ధాన్యం లోడు ట్రాక్టరును బస్సు దాటేటప్పుడు, కిటికీలోంచి చూస్తే ట్రాక్టరు చెట్ల మీదుగా వెనక్కి జరుగుతున్నట్టు ఉంటుంది కదా, లోపలి దారిలో తిరిగే మా భూమి తమరిని 13 నెలలకోసారి అలాగే దాటుతుంది. మా కంట్రాక్టరు కూడా వక్రిస్తాడు. వేసిన కంకర తిరిగి లారీకెక్కుతుంది. దానికి మాత్రం ఏ ఖగోళ వివరణా దొరకలేదు.

మొన్న శీతాకాలం మా మేనల్లుడు బైనాక్యులర్స్ తెచ్చి డాబా మీదకు పిలిచాడు. పిట్టగోడకు మోచేతులు ఆనించి, ఊపిరి బిగబట్టి చూస్తే తమరు చిన్న గుండ్రని బిళ్ళలా, పక్కనే ఒకే వరుసలో మూడు చుక్కలు. మర్నాడు చూస్తే నాలుగు, వరుస అదే, చోట్లు వేరు. "గెలీలియో కూడా 1610 జనవరి 7న మొదట మూడే చూశాడు మామయ్యా, నాలుగోది 13న దొరికింది" అన్నాడు వాడు. తమ చుట్టూ తిరిగే ఆ చందమామలే, లోకమంతా భూమి చుట్టూ తిరగదని రుజువు పలికాయి. ఇప్పుడు తమ పరివారం తొంభై దాటిందట. ఎన్నికల ముందు మా దగ్గరా అంతమంది తిరుగుతారు, ఫలితాలు రాగానే కక్ష్య మారుస్తారు.

ఆ బైనాక్యులర్స్‌లో తమ ఎర్రమచ్చ కనబడలేదు. అది తుఫాను అని, భూమికంటే వెడల్పని, దాదాపు రెండు వందల ఏళ్ళుగా ఎడతెరిపి లేకుండా తిరుగుతోందని వాడు చెప్పగానే మా అమ్మ చేతిలోని చేట కింద పెట్టేసింది. 1996 నవంబరు 6 రాత్రి మా ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు ఒక్కొక్కటే కూలిన చప్పుడు ఆవిడకు ఇప్పటికీ వినిపిస్తుంది. మా తుఫాను ఒడ్డెక్కితే ఒకటి రెండు రోజుల్లో నీరసిస్తుంది. తమ దగ్గర ఒడ్డంటూ లేదు, కాలు పెట్టడానికి గట్టి నేలే లేదు. "పాపం, అక్కడ కరెంటు ఎప్పుడు ఇస్తారో" అంది అమ్మ.

ఇక తమపైన సూర్యుడు ఉన్నాడు. ఆయన కూడా పాలపుంత నడిబొడ్డు చుట్టూ తిరుగుతున్నాడు, ఒక చుట్టుకు సుమారు 23 కోట్ల ఏళ్ళు, పుట్టాక ఇరవై చుట్లు అయ్యాయేమో. ఈ సంగతి మాత్రం పై ఆఫీసు వాళ్ళ చెవిన పడనివ్వకండి. పుష్కరాలను ఆ లెక్కకు మార్చుకుంటారు. అలాగే గెలాక్సీ ఎంత దూరంలో ఉంటే అంత వేగంగా మరింత దూరం జరుగుతోందని 1929లో హబుల్ చెప్పిన మాట కూడా. 1,380 కోట్ల ఏళ్ళుగా విశ్వం వ్యాకోచిస్తూనే ఉన్నప్పుడు మా కల్వర్టు అంచనా వ్యయం మూడుసార్లు వ్యాకోచిస్తే తప్పేముంది అంటారు.

కనుక విన్నపం ఒక్కటే. 2027లో తమరు ఎలాగూ వస్తున్నారు. పన్నెండు రోజులు పుష్కరాలు చాలకపోతే ఏడాది చివర అంత్య పుష్కరాలూ ఉన్నాయి. ఆ రెండింటి మధ్యలో ఎప్పుడైనా ఒకసారి, మౌఢ్యంలో పడి కనబడకుండా పోయే ముందు, పద్దులో మా పేరు ఉందో లేదో చూడండి. ఇక్కడి నుంచి వెలుగు తమ దగ్గరికి చేరడానికి సుమారు ముప్పావు గంట పడుతుందట. పై ఆఫీసుకు ఇచ్చిన అర్జీ మూడేళ్ళయింది, ఇంకా దారిలోనే ఉంది.

ఇట్లు,
తమ విధేయుడు,
కల్వర్టుకు ఇవతలివాడు

తా.క.: స్నానానికి మా రేవులోనే దిగేటట్టయితే మూడో మెట్టు మీద కాలు పెట్టకండి. తమరు 318 భూముల బరువని విన్నాను. అది మా అమ్మ బరువుకే ఊగుతోంది.