ఊరికే ఊరు అనకండి, వ్యూహాత్మకం అనండి

ప్రపంచంలో ఏ మూల రెండు దేశాలు కొట్టుకున్నా మన టీవీ డిబేట్లో కూర్చున్న నిపుణుడికి ముందు కావాల్సింది మ్యాప్ కాదండీ, విశేషణం. మ్యాప్ అయితే గ్రాఫిక్స్ కుర్రాడు ఎక్కడినుంచో తెచ్చి ఎర్ర చుక్క పెట్టేస్తాడు, కానీ ఆ చుక్క కీలకమా, అత్యంత కీలకమా, వ్యూహాత్మకంగా కీలకమా, ఆయువుపట్టా, గుండెకాయా అని తేల్చాల్సింది మాత్రం ఆయనే. పొరపాటున చిన్న విశేషణం వాడేశాడంటే యాంకర్ మొహం వాడిపోతుంది, చర్చ యాడ్స్ రాకముందే చల్లారిపోతుంది. ఇంత బరువైన పనికి సరైన గైడ్ ఒక్కటీ లేదు కాబట్టి దేశం కోసం నేనే పూనుకుంటున్నా.

ముందు "కీలక"ని కాస్త పక్కన పడుకోబెట్టండి. కీలక భేటీ, కీలక వ్యాఖ్యలు, కీలక మలుపు, కీలక అప్‌డేట్ అని పొద్దున లేచిన దగ్గర్నుంచి స్క్రోలింగ్‌లో పరిగెత్తించి పరిగెత్తించి దాని ప్రాణం తీశాం, ఇప్పుడు ఎవరైనా "ఇది అంత కీలకమైన భేటీ ఏం కాదు" అంటే అదే బ్రేకింగ్ న్యూస్. అసలు హార్ముజ్ జలసంధి సంగతి చూడండి, బాగా ఇరుకైన చోట 33 కిలోమీటర్లు, 2024లో ప్రపంచం వాడిన చమురులో దాదాపు ఐదో వంతు ఆ సందులోంచే పోయింది. దాన్నీ కీలకమే అనాలి, నిన్న ఇద్దరు మంత్రులు బిస్కెట్లు తిని లేచిపోయిన సమావేశాన్నీ కీలకమే అనాలి, ఇదెక్కడి న్యాయం? నిజానికి హార్ముజ్‌కి విశేషణం అక్కర్లేదు, "మూసేస్తాం" అని ఒక్కడు గట్టిగా అంటే చాలు, మిగతాది ఆయిల్ మార్కెట్టే అర్థం చేసుకుంటుంది. అవసరమల్లా ఎవరూ పేరు వినని చోట్లకే.

ఇక ఊళ్ళ విషయానికొస్తే, విశేషణం పెట్టే ముందు ఆ ఊరు వస్తోందా పోతోందా అడిగి తెలుసుకోండి. చేతికి రాబోతుంటే వ్యూహాత్మకం, చేజారుతుంటే ప్రతీకాత్మకం, పూర్తిగా పోయాక "అయినా అక్కడ ఏముందండీ". ఉక్రెయిన్‌లోని బఖ్ముత్ అనే ఊరి కోసం నెలల తరబడి రష్యా, ఉక్రెయిన్ ఇంటింటికీ కొట్టుకున్నాయి, 2023 మార్చికొచ్చేసరికి ఊరు నిలబడేలా లేదనిపించింది, అప్పటి అమెరికా రక్షణ మంత్రి లాయిడ్ ఆస్టిన్ దానికి వ్యూహాత్మకం కన్నా ప్రతీకాత్మక విలువే ఎక్కువ అనేశారు. నేను ఆయన్ని తప్పు పట్టట్లేదు, టైమింగ్‌ని మెచ్చుకుంటున్నా. అయితే కొత్తగా ఈ ఫీల్డ్‌లోకి వచ్చినవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి, ఊరి మీదనుంచి పీకిన విశేషణాన్ని పారేయకూడదు, అది భద్రంగా దాచి పారిపోయి వచ్చేటప్పుడు తగిలించాలి, అప్పుడు దాన్ని వ్యూహాత్మక ఉపసంహరణ అంటారు. ఊరు వ్యూహాత్మకం కాదు గానీ ఊరొదిలి రావడం మాత్రం వ్యూహాత్మకం. ఇందులో మీకు ఏదైనా తేడాగా అనిపిస్తే మీరు ప్యానెల్‌కి పనికిరారు.

దేశాల స్నేహాల్లో అయితే ఇంకా పెద్ద కథ. వియత్నాం వాళ్ళు దీన్ని మెట్లుగా కట్టుకున్నారు, కింద సమగ్ర భాగస్వామ్యం, దానిపైన వ్యూహాత్మక భాగస్వామ్యం, అన్నిటికన్నా పైన సమగ్ర వ్యూహాత్మక భాగస్వామ్యం. అంటే ఒంటరిగా ఉన్న సమగ్రానికి విలువ లేదు, వ్యూహాత్మకం చెయ్యి పట్టుకుంటేనే దాని దశ తిరుగుతుంది. 2023 సెప్టెంబర్లో బైడెన్ హనోయి వెళ్ళినప్పుడు అమెరికా మధ్య మెట్టు మీద కాలే పెట్టకుండా కింది నుంచి సరాసరి పైకి ఎక్కేసింది. మనమూ తక్కువ తినలేదు లెండి, రష్యాతో 2000లో వట్టి వ్యూహాత్మకం, పదేళ్ళు తిరిగేసరికి దాని ముందు ఇంకో రెండు విశేషణాలు చేరాయి. 2014లో జపాన్‌తో ప్రత్యేక వ్యూహాత్మక, ప్రపంచ భాగస్వామ్యం, 2020లో అమెరికాతో సమగ్ర ప్రపంచ వ్యూహాత్మక భాగస్వామ్యం. చైనా, పాకిస్తాన్‌లది సర్వకాల సర్వావస్థల్లోనూ వ్యూహాత్మకం. చైనా, రష్యా 2022 ఫిబ్రవరిలో విశేషణాలన్నీ అయిపోయాయో ఏమో "హద్దుల్లేని" స్నేహం అనేశాయి, ఆ తర్వాత మూడు వారాలకి రష్యా ఉక్రెయిన్ హద్దు దాటింది.

సరుకుల దగ్గర కూడా జాగ్రత్త. యూరోపియన్ యూనియన్ 2024 నాటి చట్టంలో ముడిసరుకులకి రెండు జాబితాలున్నాయి, క్లిష్టమైనవి (అదే, క్రిటికల్) 34, అందులోంచి వ్యూహాత్మకమైనవి 17. రాగి, నికెల్ వాళ్ళు పెట్టిన "క్లిష్టం" పరీక్షలో పాసవ్వలేదు, అయినా వ్యూహాత్మకం కాబట్టి క్లిష్టమైన జాబితాలో చేర్చేశారు. పరీక్ష తప్పినా సీటొచ్చింది, రికమెండేషన్ అంటే అదీ.

కానీ నా దృష్టిలో ఈ రంగంలో అసలైన మాస్టర్లు కెనడాలో క్విబెక్ వాళ్ళు. చెట్టు కారిస్తే పట్టుకుని మరిగించే మేపుల్ పాకానికి 2000లో వ్యూహాత్మక నిల్వ పెట్టారు. పాకానికండీ! నవ్వకండి, 2011-12లో దొంగలు దాదాపు 3,000 టన్నులు కొట్టేశారు, కొన్ని పీపాల్లో నీళ్ళు నింపి పెట్టారు. స్టాక్ లెక్క చూడ్డానికొచ్చిన ఇన్‌స్పెక్టర్ గుట్టగా పేర్చిన పీపాల మీదకి ఎక్కితే ఒకటి కాలికింద ఊగింది, నిండు పీపా ఊగదు కదా, చూస్తే ఖాళీ. మామూలు గోడౌన్‌లో జరిగితే లోకల్ పేజీలో నాలుగు లైన్లు వచ్చేది, ముందు తగిలించిన ఒక్క మాట పుణ్యమా అని ప్రపంచమంతా వార్తైంది.

చివరిగా మన వృత్తికే మచ్చ తెచ్చిన కేసు ఒకటి చెప్పాలి. డెన్మార్క్ కిందుండే గ్రీన్‌లాండ్‌కీ కెనడాకీ మధ్య హాన్స్ అని ఒక బండ ఉంది, చదరపు కిలోమీటరు కన్నా కాస్త ఎక్కువ, మనిషన్నవాడు ఉండడు. డెన్మార్క్ వాళ్ళొచ్చి జెండా పాతి ష్నాప్స్ అనే మందు సీసా పెట్టి పోయేవాళ్ళు, కెనడా వాళ్ళొచ్చి ఆ జెండా పీకి తమది పాతి విస్కీ పెట్టి పోయేవాళ్ళు. ఇలా దశాబ్దాలు నడిచింది. అన్నేళ్ళలో ఒక్క నిపుణుడైనా గట్టిగా పట్టుబట్టి దాన్ని ఆర్కిటిక్‌కి ఆయువుపట్టు చేసి ఉంటే ఎన్ని డిబేట్లు, ఎన్ని యుద్ధనౌకలు, ఎంత బడ్జెట్! ఎవరూ పట్టించుకోలేదు, 2022 జూన్‌లో రెండు దేశాలూ కూర్చుని బండని చెరి కొంత పంచేసుకున్నాయి. ఇప్పుడు ఎంత పెద్ద విశేషణం తెచ్చినా ఎవడు వింటాడు.