ఐదు రోజుల యుద్ధం అందరికి యాదికుంది, పదిహేను నెలల జనరల్ పాలన ఎవ్వనికి యాదికి లేదు

సెప్టెంబర్ వచ్చిందంటే హన్మకొండ చౌరస్తాల ఫ్లెక్సీలే ఫ్లెక్సీలు. 1948 సెప్టెంబర్ 17న నిజాం రాజ్యం ఇండియా చేతికొచ్చిన ఆ రోజును విమోచన అని ఒకడు, విలీనం అని ఒకడు, సమైక్యత అని ఇంకొకడు, విద్రోహం అని ఇంకోడు. ఆ పేరు లొల్లిల నేను దిగను, మస్తు మంది ఉన్నరు దానికి. నా బాధ వేరే. ఆ ఫ్లెక్సీల మీద పటేల్ ఉంటడు, ఒక మూలకు నిజాం ఉంటడు, నిజాం దిక్కు కొట్లాడిన రజాకార్ల దండుకు నాయకుడు ఖాసిం రజ్వీ పేరు తిట్టనీకన్నా తీస్తరు. కాని 1948 సెప్టెంబర్ 18 నుంచి 1949 డిసెంబర్ దాక మనల్ని నిజంగ ఏలిన మనిషి ఎవడు భయ్ అంటే పది మందిల తొమ్మిది మంది నోరు తెరుస్తరు. మేజర్ జనరల్ జయంతో నాథ్ చౌదరి. మిలటరీ గవర్నర్. అంటే ఎలక్షన్ లేదు, అసెంబ్లీ లేదు, ఆయన సంతకం పెడితే అది చట్టం, అంతే.

మనిషి మామూలు ఖాందాన్‌ల పుట్టలే. 1908ల పుట్టిన బెంగాలీ జమీందార్ల పిలగాడు, కాంగ్రెస్ మొట్టమొదటి అధ్యక్షుడు డబ్ల్యూ.సి. బెనర్జీ ఈయనకు తల్లి దిక్కు తాత, సినిమా యాక్టర్ దేవికా రాణి చుట్టం. లండన్ పక్కన సాండ్‌హర్స్ట్‌ల చదివి 1928ల ఆఫీసర్ అయిండు, రెండో ప్రపంచ యుద్ధంల ఆఫ్రికాల తిరిగిండు, బర్మాల 16వ లైట్ కావల్రీకి కమాండర్‌గ చేసిండు. ట్యాంకుల మనిషి. అందుకే 1948ల ఫస్ట్ ఆర్మర్డ్ డివిజన్‌ను ఈయన చేతుల పెట్టి షోలాపూర్ దిక్కు నుంచి హైదరాబాద్ మీదికి తోలిండ్రు, దీన్నే పోలీస్ యాక్షన్ అన్నరు. 13న నల్‌దుర్గ్ దగ్గర మొదలుపెట్టి, జహీరాబాద్ మీంచి, 17 సాయంత్రానికి నిజాం కాల్పులు ఆపమని చెప్పేదాక వచ్చింది కథ. అటు బెజవాడ దిక్కు నుంచి మేజర్ జనరల్ రుద్ర దళం కోదాడ, సూర్యాపేట మీద వచ్చింది. 18న నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ వచ్చి చౌదరికి లొంగిపోయిండు, ఆ ఫొటో మీరు కూడ చూసే ఉంటరు.

ఇగ మనోళ్లు ఇక్కడనే ఆగిపోతరు. జై అంటరు, అయిపోయింది అంటరు. అరె, అయిపోలే, అప్పుడే షురూ అయింది! నా లెక్కల ఐదు రోజుల యుద్ధం ఆయన చేసిన పనులల్ల అన్నిటికన్న అలకటి పని, ఎందుకంటే అటుదిక్కు ఉన్నది పాత తుపాకుల సైన్యం, కర్రలు బల్లేలు పట్టుకున్న రజాకార్లు. ఆ తర్వాత పదిహేను నెలలు ఉన్నయ్ చూడు, అక్కడ తేలాలె మనిషి సంగతి.

మంచి చేయలేదా అంటే చేసిండు, ఎందుకు అబద్ధమాడాలె. రజాకార్లను రద్దు చేసి రజ్వీని లోపల వేయించిండు. 1949 ఫిబ్రవరిల సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత ఖర్చులకు పోయే భూములు, సర్కారుల కలిసినయ్. అదే ఏడాది ఆగస్టుల జాగీర్ల రద్దు వచ్చింది. అప్పటి హైదరాబాద్ రాజ్యంల దగ్గరదగ్గర నూటికి 30 వంతుల భూమి జాగీర్ల కింద ఉండె, ఆ ఊర్లల్ల పన్ను జాగీర్దారుదే, మాట జాగీర్దారుదే. దాన్ని ఒక్క రెగ్యులేషన్‌తోని తీసిపారేసిండ్రు. ఎన్నికైన సర్కారు అయితే గింత జల్దీ చేసేదా అంటే నాకు డౌటే, మన నాయకుల సంగతి తెల్వదా.

కాని జాగీర్దారు వేరు, మన ఊరి దొర వేరు. మన వరంగల్, నల్గొండ దిక్కు రైతు మెడ మీద కూసున్నది ఎక్కువ దేశ్‌ముఖులు, పటేల్ పట్వారీలు. వేల ఎకరాల పట్టాలు వాళ్లయి, వెట్టి వాళ్లింట్ల. వాళ్లను ఆ రెగ్యులేషన్ ముట్టలే. రజాకార్ల కాలంల సంఘపోళ్లకు, అంటే కమ్యూనిస్టులు నడిపిన రైతు సంఘానికి, భయపడి పట్నం ఉరికిన దొరలు మిలట్రీ లారీల ఎనకనే ఊర్లకు తిరిగొచ్చిండ్రు, ఈసారి నెత్తి మీద గాంధీ టోపీ. సంఘం పంచిన భూములను మళ్ల గుంజుకున్నరు. కౌల్దార్లకు ఏదో కొంత హక్కిచ్చే చట్టం 1950ల వచ్చింది, అప్పటికి చౌదరి పోయిండు.

మా తాతది ములుగు దిక్కు అడవి పక్కన ఊరు, అప్పటికి బర్లు కాసే ఈడు. ఆయన చెప్పిన ముచ్చట ఒకటుంది. రాత్రి కమ్యూనిస్టుల దళం వచ్చి బువ్వ పెట్టమనేది, పెట్టకపోతే ఎట్ల, మనోళ్లే కదా. తెల్లారంగ మిలట్రీ వచ్చేది. వాళ్లకు మన మాట రాదు, మనకు వాళ్ల మాట రాదు, అందుకని ఏం అడగకపోదురట, సీదా వంటింట్లకు పోయి గంజి వార్చిన కుండ మూత తీసి, ఇంట్ల ఎంతమంది ఉన్నరో చేతి వేళ్లతోని లెక్కపెట్టి, కుండల అన్నం చూసి, మళ్ల మనుషుల దిక్కు చూసేటోళ్లట. నలుగురున్న ఇంట్ల పది మంది అన్నం ఉందంటే ఇగ ఆ ఇంటి మగోని పని అయిపోయినట్టే. మా తాతమ్మ అందుకే రెండు చిన్న కుండలల్ల వండి ఒకటి గడ్డివాముల దాచేదట. చరిత్ర పుస్తకంల గిది ఏ పేజీల ఉంటది చెప్పుండ్రి.

కమ్యూనిస్టుల ఆ సాయుధ పోరాటం 1951 అక్టోబర్‌ల విరమించేదాక నడిచింది. పుచ్చలపల్లి సుందరయ్య చెప్పిన లెక్కల 4 వేల మంది కార్యకర్తలు, రైతులు చచ్చిపోయిండ్రు, 10 వేల మంది జైళ్లల్ల మగ్గిండ్రు. అది పార్టీ లెక్క అంటరా, అనుండ్రి, సగం తీసేసినా తక్కువదేం కాదు. గోదావరి అడవి సైడు కోయగూడేలను ఖాళీ చేయించి జనాన్ని ఒక్కకాడ క్యాంపులల్ల పెట్టిండ్రు, చౌదరి దిగిపోయినంక కూడ అది నడిచింది. అంత పాపం ఆయన ఒక్కని మీద రుద్దుతలేను. కాని రజాకార్ల మీదికి వచ్చిన సైన్యం ఎప్పుడు రైతుల మీదికి తిరిగిందో ఆ తిరుగుడు జరిగింది మాత్రం ఆయన కాలంలనే.

ఇంకొక ముచ్చట, ఇది రాస్తే కొందరికి కోపమొస్తది, రానీయ్. పోలీస్ యాక్షన్ తర్వాత మరాఠ్వాడ, కన్నడ జిల్లాలల్ల, ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ దిక్కు ముస్లింల మీద ఊచకోత జరిగింది. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల దాక ప్రాణాలు పోయి ఉంటయని అంచనా వేసింది, ఆ రిపోర్టును ఏండ్లకేండ్లు బయట పెట్టలే. విచిత్రం ఏందంటే అదే రిపోర్టుల చౌదరి గురించి మంచిగనే రాసిండ్రు, మత పక్షపాతం లేని మనిషని, క్రమశిక్షణ మనిషని. నేను నమ్ముత ఆ మాట. నమ్మినంక ఇంకా కోపమొస్తది నాకు. మంచోడే కుర్చీల ఉన్నడు, అయినా కింద గంత జరిగింది.

ఈ మనిషి రోగం ఏందో నాకు 1965 గురించి చదివినప్పుడు సమజైంది. మధ్యల సంగతి జల్దీ చెప్త: 1961ల గోవా తీసుకున్నప్పుడు సదరన్ కమాండ్ ఈయనదే. 1962 నవంబర్‌ల చైనా దెబ్బకు జనరల్ థాపర్ దిగిపోతే ఆర్మీ చీఫ్ అయిండు, ఓడిపోయిన సైన్యాన్ని మళ్ల నిలబెట్టిండు, ఆ క్రెడిట్ ఇయ్యాల్సిందే. ఇగ 1965 పాకిస్తాన్ యుద్ధంల బియాస్ నది ఎనకకు జరుగుదాం అని చౌదరి అన్నడని, నేను ఒప్పుకోలేదని వెస్టర్న్ కమాండ్ జనరల్ హర్‌బక్ష్ సింగ్ రాసుకున్నడు. జరిగి ఉంటే అమృత్‌సర్ పోయేది. యుద్ధం ఆఖరుకు ప్రధాని శాస్త్రి గారు ఇంకొన్ని రోజులు నడిపితే గెలుస్తమా అని అడిగితే ముందు వరుస మందుగుండు చానా వరకు అయిపోయిందన్నడట, తర్వాత లెక్క తీస్తే ఖర్చయింది నూటికి 14 వంతుల చుట్టే అని తేలింది. గోదాంల ఏముందో కింద దాక పోయి చూడలే, పక్కనున్నోళ్లు చెప్పింది విన్నడు. మన దగ్గర కూడ గంతే అయిందని నా అనుమానం. ఆయన చుట్టు కూసున్నది ఎవరు? ఐసీఎస్ బాఖ్లే లాంటి బయటి ఆఫీసర్లు, ఉర్దూ ఇంగ్లీష్ వచ్చిన పట్నం పెద్దమనుషులు, తిరిగొచ్చిన దొరలు. జనగామ రైతు ఆ గదిల ఎప్పుడన్న అడుగు పెట్టిండా?

ఆ బయటి ఆఫీసర్ల ముచ్చటనే మన వరంగల్‌కు చివరికి తగిలింది. పాత నౌకర్లను తీసేసిండ్రు, ఆ కుర్చీలల్ల మద్రాసు, బొంబాయి దిక్కు నుంచి తెచ్చినోళ్లను నింపిండ్రు. అర్జంటు కదా, అప్పటికప్పుడు పని నడవాలె కదా అంటరు, సరే. కాని ఒకడు వచ్చినంక వాని బామ్మర్ది వచ్చిండు, బామ్మర్ది ఎనక వాని దోస్తు, అందరి చేతుల ముల్కీ సర్టిఫికెట్లు, అంటే ఇక్కడోళ్లమే అని చూపే కాగితాలు, ఎట్ల పుట్టినయో దేవునికే ఎరుక. 1952ల ముల్కీ లొల్లి ఎక్కడ లేసింది? వరంగల్ల, బడి పోరగాళ్లతోని. సెప్టెంబర్‌ల హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర కాల్పుల దాక పోయింది అది. జనం ఓటేసిన సర్కారు వచ్చింది ఆ ఏడాదే, 1952ల. అంటే ఆ నౌకర్లు నింపిన 1948, 49ల ఇదేంది అని అడుగనీకె మన దిక్కు ఒక్క ఎమ్మెల్యే కూడ లేకుండె.