స్వేచ్ఛకు ఇద్దరు షూరిటీలు కావలెను

నవంబరు 26 వచ్చిందంటే ప్రతి ఆఫీసులోనూ మైకు పెట్టి రాజ్యాంగ పీఠిక చదివిస్తారు. పెద్దసారు "భారత ప్రజలమైన మేము" అంటే వెనక వరసలో ఫోన్లు చూసుకుంటున్న వాళ్ళు కూడా అదే మాట అంటారు. 2015 నుంచి అది రాజ్యాంగ దినోత్సవం మరి. 2021లో కేంద్రం ఇంకో సదుపాయం కూడా కల్పించింది: పోర్టల్‌లో పేరు కొట్టి పీఠిక చదివేస్తే సర్టిఫికెట్ దిగుతుంది. స్వేచ్ఛ పేరుతో ఇంత సులువుగా చేతికొచ్చే కాగితం ఈ దేశంలో మరొకటి లేదు. లామినేషన్ ఖర్చు మాత్రం మనదే.

అదే స్వేచ్ఛను జైల్లో ఉన్నవాడు అడిగాడనుకోండి, వ్యవహారం వేరు. 2022 చివరినాటికి మన జైళ్ళలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువు కాలేదన్నమాట. వీళ్ళలో బెయిల్ వచ్చి కూడా బయటికి రానివాళ్ళు దాదాపు 5,000 మంది ఉన్నారని జాతీయ న్యాయ సేవాధికార సంస్థే సుప్రీంకోర్టుకు లెక్క చెప్పింది. జైలు భోజనం నచ్చి ఉండిపోయారని అనుకునేరు. షూరిటీలు దొరక్క.

ఈ తంతు తెలియని అదృష్టవంతుల కోసం కాస్త వివరంగా చెప్పాలి. కోర్టు 10,000 రూపాయల సొంత పూచీకత్తు, అంతే మొత్తానికి ఇద్దరు షూరిటీలు అంటుంది. ఆ ఇద్దరూ ఆధార్, ఫొటోలు, ఇంటి పన్ను రశీదు, ఇంటి విలువ చెప్పే పత్రం తేవాలి. పొలమైతే పాసుపుస్తకం, ఉద్యోగమైతే జీతం సర్టిఫికెట్. ఇంకెంతమందికి జామీను ఉన్నారో కూడా రాసివ్వాలి. రశీదులో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటే "మళ్ళీ రండి". రశీదు పోయిన ఏడాదిదైతే "మళ్ళీ రండి". పరిశీలనకు ఠాణాకు పంపితే ఎస్సైగారు బందోబస్తులో ఉంటారు. అన్నీ కుదిరి మేజిస్ట్రేటుగారు సంతకం పెట్టాక ఆ కాగితం జైలు చేరాలి. లాకప్ వేళ దాటిందా, ఇక మర్నాడే. ఈలోగా ఇంకో కేసులో ఖైదీని హాజరుపరచమనే పీటీ వారెంటు వచ్చిందా, కథ మళ్ళీ మొదటికి.

అద్దె ఇంట్లో ఉండేవాడికి తెలిసినవాళ్ళు కూడా అద్దె ఇళ్ళవాళ్ళే అవుతారు. వాడికి పన్ను రశీదు ఉన్న స్నేహితులు ఇద్దరు ఎక్కడి నుంచి ఊడిపడతారు? అందుకే కోర్టు ఆవరణలో కిరాయి షూరిటీలు వెలిశారు. ముద్దాయి ముఖం ఎన్నడూ చూడని మనిషి వచ్చి, వీడు పారిపోడని ఘంటాపథంగా హామీ ఇస్తాడు. రశీదు ఉంది కాబట్టి కోర్టు నమ్ముతుంది. కన్నతల్లి ఇచ్చే హామీకి మాత్రం రశీదు లేదు.

1978లో మధ్యప్రదేశ్‌లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీకి సుప్రీంకోర్టే బెయిలిచ్చింది. కింది కోర్టు మేజిస్ట్రేటు 10,000 రూపాయల షూరిటీ తెమ్మన్నారు. సోదరుడు ముందుకొస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉంది, కుదరదన్నారు. మేస్త్రీ మళ్ళీ ఢిల్లీ దాకా వెళ్ళాడు. జస్టిస్ కృష్ణయ్యర్ గట్టిగా తలంటి 1,000 రూపాయల సొంత బాండు మీద వదలమన్నారు. స్థానిక షూరిటీలే కావాలని పట్టుబట్టవద్దని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. మధ్యలో గడిచింది 45 ఏళ్ళే. తొందరేముంది?

కనుక దేశ సమగ్రత దృష్ట్యా ఈ విధానాన్ని పీఠిక పఠనానికీ వర్తింపజేయాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాను. "భారత ప్రజలమైన మేము" వరకు ఉచితం. "స్వేచ్ఛ" దగ్గరికి రాగానే గుమాస్తా చెయ్యెత్తి ఆపాలి. తలా ఇద్దరు షూరిటీలు, అదీ ఈ జిల్లావాళ్ళే. కలెక్టరుగారి కోసం బ్యాచ్‌మేట్ వస్తారు, ఆయన ఫ్లాటు పక్క జిల్లాలో; తిరస్కరించడమైనది. సూపరింటెండెంటుగారి ఇల్లు భార్య పేరున ఉంది. ఆవిడను తీసుకురండి, పెళ్ళి సర్టిఫికెట్ మరవకండి. ఇంకొకాయన జీతం సర్టిఫికెట్ మీద ముద్ర సగమే పడింది. ముద్రవేసే అమ్మాయి భోజనానికి వెళ్ళింది. కాగితాలు నెగ్గినవాళ్ళు "స్వేచ్ఛ" అని ముందుకు సాగవచ్చు. మిగతావాళ్ళు నోరు తెరిచి అలాగే నిలబడాలి. సాయంత్రం 5:30కి డబ్బా మూసేస్తారు.

డబ్బా నా కల్పన కాదు. ముంబై ఆర్థర్ రోడ్ జైలు బయట నిజంగానే ఒక బెయిలు డబ్బా ఉండేది. విడుదల కాగితాన్ని మనిషి మోసుకొచ్చి అందులో వెయ్యాలి, సిబ్బంది వేళకు వచ్చి తాళం తీస్తారు. 2021 అక్టోబరు 28న ఒక హిందీ అగ్రహీరో కొడుక్కి హైకోర్టు బెయిలిచ్చింది. మర్నాడు సాక్షాత్తూ ఒక కథానాయిక లక్ష రూపాయల బాండుకు షూరిటీగా వచ్చి నిలబడింది. అయినా కాగితం 5:30 లోపు డబ్బాలో పడలేదు. అబ్బాయి ఇంకో రాత్రి లోపలే. 30న తెల్లవారుజామున డబ్బా తెరవడాన్ని టీవీలు ప్రత్యక్ష ప్రసారం చేశాయి.

ఆ ఒక్క రాత్రికి దేశమంతా అయ్యో అంది. అదే ఏడాది జూలైలో ఆగ్రా జైలు ముందు కెమెరా ఒక్కటీ లేదు. అక్కడ 13 మంది ఉన్నారు. నేరం జరిగిన నాటికి మైనర్లని బాలల న్యాయ బోర్డే తేల్చింది. వాళ్ళకు వర్తించే చట్టం బాలలను మూడేళ్ళకు మించి ఉంచకూడదంది. వాళ్ళను పెద్దవాళ్ళ జైల్లో 14 నుంచి 22 ఏళ్ళు ఉంచారు. ఇరవై రెండేళ్ళు! జూలై 8న సుప్రీంకోర్టు వదలమంది. రోజులు గడిచినా వదల్లేదు. ధ్రువీకరించిన ఉత్తర్వు నకలు పోస్టులో అందలేదట. సిగ్గుండాలి. పిల్లలుగా లోపలికి తోసి నడివయసు దగ్గర పడ్డాక బయటికి పంపడానికి కూడా వీళ్ళకు తపాలా ముద్ర కావాలి. ఆ ఏళ్ళన్నీ దోచుకున్నది ప్రభుత్వం. దానికి షూరిటీగా ఎవరు నిలబడ్డారు? ఏ రశీదు చూపించింది? ఒక్క అధికారి జీతంలో ఒక్క రూపాయి కోత పడిందా?

ఉత్తర్వుల కోసం ఇంకా ఆకాశంలో పావురాల వైపు చూస్తున్నామా అని అప్పటి ప్రధాన న్యాయమూర్తి, మన జస్టిస్ ఎన్.వి. రమణ విసుక్కున్నారు. కేసును ఎవరూ అడగకుండా తామే, అంటే సుమోటోగా, చేపట్టారు, దాని ఫలితంగా 2022 మార్చి 31న సుప్రీంకోర్టు ఉత్తర్వులు ఎలక్ట్రానిక్‌గా పంపే 'ఫాస్టర్' వ్యవస్థ మొదలైంది. సంతోషం. కాగితం ఇప్పుడు క్షణాల్లో వెళ్తుంది. పన్ను రశీదు మాత్రం మెయిల్‌లో పుట్టదు.

బెయిలు హక్కుగా వచ్చే నేరాల్లో అరెస్టయిన వారంలోగా జామీను తేలేకపోతే పేదవాడిగా భావించి సొంత బాండు మీద వదలాలని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌కు చేసిన 2005 సవరణే చెప్పింది. మిగతా కేసుల్లో నెల దాటినా బాండు ఇవ్వలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టే ఆలోచించవచ్చని సుప్రీంకోర్టు 2023 ఉత్తర్వు చెప్పింది. రెండూ కలం కదిపితే అయ్యే పనులు. కలం బరువనుకున్నారేమో, కేంద్రం 2023లో పేద ఖైదీల సహాయ పథకం తెచ్చింది. విచారణ ఖైదీకి 40,000 రూపాయల దాకా ఇస్తామని అప్పుడు చెప్పింది. మంజూరు చేసేది కలెక్టరు, ఎస్పీ, జైలు సూపరింటెండెంటు, న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి, ఒక జడ్జి ఉన్న కమిటీ. కేసు పెట్టేది ప్రభుత్వం, బెయిలొద్దని వాదించేది ప్రభుత్వం, బెయిలు డబ్బు కట్టేదీ ప్రభుత్వమే. ఇంతాచేస్తే చాలాచోట్ల కోర్టు అడిగేది డబ్బు కాదు, ఇల్లున్న మనిషిని. ఆ కమిటీలో అయిదుగురికీ ఇళ్ళున్నాయి. ఎవరైనా ఒకరు తమ ఇంటి పన్ను రశీదు పట్టుకుని కోర్టుకు వస్తారేమో అడిగి చూడండి.