నాలుక చాపండి, గుండె చూడాలి

గుండె దగ్గర పట్టేసినట్టుంటే మనవాళ్ళు ఈసీజీ, ఎకో, యాంజియో అంటూ పరుగులు పెడతారు. చైనా సంప్రదాయ వైద్యుడికి అంత హడావుడి లేదు. నాలుక చాపమంటాడు, మూడు వేళ్ళతో మణికట్టు పట్టుకుంటాడు, మన లోపలి వాతావరణం చెప్పేస్తాడు. నాలుక ఊదారంగులో ఉంటే రక్తం నిలిచిపోయినట్టు. జిడ్డు పాచి ఉంటే కఫం. నాడి వీణ తీగలా బిగిసి ఉంటే కాలేయంలో యాంగ్, అంటే వేడి శక్తి, ఎగదన్నుతున్నట్టు. ఇలాంటి లక్షణాల మూటకు వాళ్ళు పెట్టిన పేరు 'జెంగ్'.

పక్షవాతాన్ని అక్కడ 'జోంగ్‌ఫెంగ్' అంటారు, అంటే గాలి తగలడం. నవ్వకండి. మన పక్షవాతంలో ఉన్న వాతం కూడా గాలే. ఈ విషయంలో బీజింగ్‌కూ బెజవాడకూ సరిహద్దు తగాదా లేదు.

నాకు బాగా నచ్చింది ఈ పద్ధతిలోని ఉదారత. గుండెనొప్పి, పక్షవాతం రోగుల్లో తరచూ తేల్చే జెంగ్, 'చీ తగ్గి రక్తం నిలవడం'. ప్రాణశక్తి నీరసించి నెత్తురును నెట్టలేకపోతోందన్నమాట. అరవై దాటినవాడు నాకు నీరసం లేదనగలడా? చాలకపోతే కఫం కలుపుతారు, ఇంకా మిగిలితే కిడ్నీలో యిన్, అంటే చల్లని శక్తి, లోపించిందంటారు. ఈ వలకు చిక్కని చేప లేదు. గుండె సంగతి కాదుగానీ, కీళ్ళవాతం రోగులను ముగ్గురేసి వైద్యులకు చూపించిన ఒక అధ్యయనంలో వాళ్ళ మాటలు కలిసింది మూడో వంతు లోపే. మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌తో పోలిస్తే అది గొప్ప ఐకమత్యమే.

మందుల్ని మాత్రం తీసిపారేయలేం. జలగ, తేలు, జెర్రి, రెక్కల్లేని బొద్దింక కలిసిన 'టోంగ్‌షిన్లువో' క్యాప్సూల్‌ను గుండెపోటు వచ్చిన 3,777 మందిపై పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. మామూలు వైద్యానికి తోడుగా ఇది వాడినవాళ్ళలో నెల లోపు మరణం, మళ్ళీ గుండెపోటు, పక్షవాతం లాంటివి 3.4 శాతం, ఉత్తుత్తి గోళీ మింగినవాళ్ళలో 5.2 శాతం. మంచి ఫలితమే. కాకపోతే రోగుల్ని ఏరింది ఈసీజీ చూసి, నాలుక చూసి కాదు. 2024లో మెదడులో రక్తస్రావమైన 1,600 మందికి పైగా రోగులపై మరో మూలికల మందును పరీక్షిస్తే ఏ మేలూ కనిపించలేదు. అయినా సిద్ధాంతానికి గీత కూడా పడదు. ఫలిస్తే పూర్వీకుల ప్రజ్ఞ, ఫలించకపోతే జెంగ్ సరిగా చూడలేదు!

ఇప్పుడు వీటికి ప్రభుత్వ హోదా లాంటిది కూడా ఉంది. 2022 జనవరి 1న అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితాలో జెంగ్‌లకు కోడ్‌లున్నాయి. 2024 జనవరిలో ఢిల్లీలో ఆయుర్వేద, సిద్ధ, యునానీలకూ ఆ భాగ్యం దక్కింది. గాలి ఇన్నాళ్ళకు కంప్యూటరెక్కింది.

ఇదంతా చదివాక టెన్షన్ పట్టలేక అద్దం ముందు నిలబడి నాలుక చాపాను. నిండా ఊదారంగు! రక్తం ఎక్కడో నిలిచిపోయిందని ఖాయం చేసుకుని, బీమా కాగితాల కోసం బీరువా తెరుస్తుంటే వంటింట్లోంచి మా ఆవిడ కేక.

"ఏవండీ, ఫ్రిజ్‌లో నేరేడుపళ్ళన్నీ మీరే తినేశారా?"